పిల్లి వన్నె - పుట్టినిల్లు



క్రొత్తకోడలు కాపురమునకు వచ్చిన నాలుగు దినములలోనే, ఆమె పలుకులోని యాసను బట్టియు, పులుసులో వేసిన బెల్లమును బట్టియు, ఆమె పుట్టినిల్లు ఏ సీమయో పెద్దలు కనిపెట్టుదురు. ఆమె నోరు విప్పి చెప్పనక్కఱలేదు. మన వంటయింటి గడప దగ్గఱ కూర్చుండి మూతి నాకుకొనుచున్న పిల్లి సంగతియు నట్టిదే యన్న మీలో ననేకులు నవ్వుదురేమో! కాని యిది నవ్వులాట కాదు. పిల్లి యొంటిమీది వన్నెలు దాని పూర్వులు పుట్టిన చోట్లను, వారిని వెంట గొనిపోయిన మనుష్యుల ప్రయాణములను చెప్పుచుండును. ఆ వ్రాతను చదువ నేర్చినవారు కలరు. ఈ నెల మేమా సంగతినే ముచ్చటింప దలచితిమి. అందులకొక కారణము కలదు.

రెండు నెలల క్రిందట గోదావరి ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. పేరు చెప్పవలదని కోరినది గనుక చెప్పము. ఆమెకు తొలికాన్పున ఆడుబిడ్డ కలిగి మూడు నెలలైనది. బిడ్డ యారోగ్యముగ నున్నది. మేనిచాయ మాత్రము నలుపు. అత్తగారి యింట వడ్లగదిలో నొక నల్లపిల్లి చేరియున్నది. కడుపుతో నున్న దినములలో ఈ సోదరి దానికి నిత్యము పెరుగన్నము పెట్టుచుండెడిది. "ఆ పిల్లి మొగము చూచి చూచియే బిడ్డ నల్లగ పుట్టినది, ఇది దాని చేతులార తెచ్చికొన్నదే" యని యింట ననుచున్నారట. ఇంతలో నా పిల్లి మూడు కూనల నీనినది. రెండు మగకూనలును తల్లివలెనే కారునలుపు. ఆడుకూన మాత్రము నలుపు, ఎఱుపు, తెలుపు కలసిన మూడు వన్నెలది. "నల్లదాని కడుపున మూడు రంగులది పుట్టుట యుత్పాతము" అని పొరుగింటి పెద్దమ్మగారు తీర్పు చెప్పిరట. కూనలు పాలు మానిన వెంటనే, తల్లితో గూడ గోనెసంచిలో గట్టి యేటి కావల విడిచి రావలెనని నిశ్చయమైనది.

"అక్కయ్యగారూ, పిల్లి మాట యటుండనిండు. అది యింట నున్నను, పోయినను, నా బిడ్డ యీ మాట వినుచు పెరుగవలసినదేనా?" అని యామె జాబు ముగించినది. ఆ వాక్యము మమ్ము చాల దినములు వదలలేదు.

మేమామెకు వెంటనే యొక కార్డు మీద ఒక ప్రశ్న మాత్రము వ్రాసితిమి. "మీ వీధిలోగాని, ప్రక్కవీధిలోగాని, తెల్లమచ్చలు గల యెఱ్ఱని గండుపిల్లి యున్నదేమో విచారించి వ్రాయుడు." పది దినములకు ప్రత్యుత్తరము వచ్చినది. "బియ్యపు మిల్లు దగ్గఱ నట్టిది కలదు. గొంతు క్రిందను, పాదములమీదను తెలుపు. మీ రింత దూరమున నుండి యెట్లు కనుగొంటిరి? జ్యోతిషమా?" అని యాశ్చర్యపడినది.

జ్యోతిష మేమియు లేదు. తల్లిని, కూనను చూచిన తండ్రి వన్నె చెప్పవచ్చును. అది యెట్లో వినుడు.

ప్రాణుల దేహములన్నియు కంటికి కానరాని కణములతో నేర్పడినవి. ప్రతి కణమునందును క్రోమోసోములను సన్నని పోగులు కలవు. ఆ పోగులమీద వరుసగా జన్యువులు అమరియుండును. రూపము, వన్నె, కన్నుల రంగు మున్నగువాని వ్రాత వానియందే యున్నది. పిల్లికి 19 జతల క్రోమోసోములు. అందొక జత ఆడ మగ భేదమును నిర్ణయించును. ఆడుదానికి ఎక్స్ అనునవి రెండు. మగదానికి ఎక్స్ ఒకటి, వై ఒకటి. పిల్లులలో ఎఱుపు, అనగా నారింజపండు చాయ, కలిగించు జన్యువు ఈ ఎక్స్ మీదనే యున్నది.

ఇక లెక్క సులభము. కొడుకునకు తండ్రి వై నిచ్చును గాని ఎక్స్ నీయడు. కావున కొడుకు ఎఱుపగుటయు, నలుపగుటయు తల్లి యిచ్చిన ఎక్స్ మీదనే యాధారపడియుండును. నల్లతల్లికి ఎఱ్ఱ కొడుకు పుట్టడు. ఎఱ్ఱతల్లికి నల్ల కొడుకు పుట్టడు. కూతునకు మాత్రము తల్లినుండి యొక ఎక్స్, తండ్రినుండి యొక ఎక్స్ వచ్చును. నల్లతల్లి తన కూతునకు నలుపే యీగలదు. అట్టి కూతుని యొంటిమీద ఎఱుపు కనబడినచో, అది తండ్రి యిచ్చినదే కావలెను. ఎఱుపు జన్యువు గల మగపిల్లి తానును ఎఱుపుగనే యుండును. తల్లియందు లేని తెలుపు కూడ నతని వలననే వచ్చియుండవలెను. ఇంతకు మించిన జ్యోతిషము మా ప్రశ్నలో లేదు.

రెండు వన్నెలును కలిసి మధ్యస్థమగు నొక వన్నె కాక, మచ్చలు మచ్చలుగ నెందుకుండవలె నందురా? పెండ్లికూతునకు పుట్టినింటివారొక పెట్టెయు, అత్తవారొక పెట్టెయు నిచ్చిరనుకొనుడు. ఆడుపిల్లి గర్భమున నేర్పడుచున్న తొలి దినములలో ప్రతి కణమును తన రెండు ఎక్స్ పెట్టెలలో నొకదానిని తెఱచియుంచి, రెండవదానికి తాళము వేయును. ఏది తెఱచుననుటకు నియమము లేదు. కాని యొకసారి వేసిన తాళము వేసినదే. ఆ కణమునుండి పుట్టిన కణములన్నియు నా పెట్టెనే వాడుకొనును. తండ్రి పెట్టె తెఱచిన కణముల సంతతి యున్నచోట ఎఱుపు, తల్లి పెట్టె తెఱచినచోట నలుపు. ఈ తాళము సంగతిని 1961లో ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞురాలు మేరీ లయన్ బయటపెట్టినది. ఆమె పరిశోధన చుంచెలుకలమీద. తాళము వేయబడిన పెట్టె, ముడుచుకొన్న చిన్న చుక్కవలె, అంతకు పూర్వమే కనబడినది. 1949లో కెనడా దేశమున బార్, బెర్‌ట్రామ్ అనువారు దానిని ఆడుపిల్లుల నాడీకణములలో సూక్ష్మదర్శినితో చూచిరి. ఎఱుపు జన్యువు ఏదియో తేలుటకు మాత్రము 2025 వఱకు వేచియుండవలసివచ్చినది. ఆ యేట జపాను, అమెరికా దేశముల పరిశోధకులు వేఱువేఱుగ పనిచేసి యొకే యుత్తరమునకు వచ్చిరి. ఎక్స్ మీద నొక జన్యువు చెంత నించుమించు 5,000 అక్షరముల వ్రాత లోపించుటయే ఎఱుపునకు కారణమని చూపిరి.

తెలుపు సంగతి వేఱు. రంగు నిచ్చు కణములు గర్భములో వెన్నువైపునుండి బయలుదేరి కడుపునకును, కాళ్ళకును ప్రాకును. ఒక జన్యువు భేదమువలన వాని ప్రయాణము సగములో నిలిచిపోయిన, కాలువ చివరి పొలములకు నీరందనట్లు, పొట్టకును, పాదములకును రంగందదు. అచ్చట తెలుపు మిగులును. పిల్లులకు కడుపు, గొంతు, పాదములు తెల్లగ నుండుటయు, నడుము మీద రంగుండుటయు మీరు చూచియే యుందురు. పంచతంత్రపు ప్రాచీన పాఠమున కుందేటికిని, పక్షికిని తగవు తీర్చెదనని చెప్పి రెంటిని భక్షించిన కపట మార్జాలమునకు దధికర్ణుడని పేరు. పెరుగు వంటి చెవులు గలవాడని యర్థము. తెల్లమచ్చల పిల్లులు మన దేశమునకు క్రొత్తవి కావనుట కీ పేరే చాలును.

మూడు వన్నెల పిల్లి దాదాపు నెప్పుడును ఆడుదే యగుట కిదియే హేతువు. మగదానికి పెట్టె యొకటియే గదా! ఎప్పుడో యొకప్పుడు రెండు ఎక్స్‌లును, ఒక వైయును గలిగి మగపిల్లి పుట్టిన, అది మూడు వన్నెలు దాల్చవచ్చును. సామాన్యముగ దానికి సంతానము కలుగదు. అట్టివి మిక్కిలి యరుదు. జపాను నావికులు అట్టి మగపిల్లిని ఓడ కెక్కించిన తుపాను తొలగునని నమ్మెడివారు. 1957లో దక్షిణ ధ్రువఖండమున తొలిసారి శీతకాలము గడపిన జపాను బృందము వెంట టకేషి యను మూడు వన్నెల మగపిల్లి యుండెను.

ఇది యొక యింటి సంగతి. ఇక దేశముల సంగతి చూతము.

జన్యువుల లెక్క తీయుటకు సాధారణముగ నెత్తురు తీయవలెను, యంత్రములు కావలెను. పిల్లి విషయమున నవి యక్కఱలేదు. దాని జన్యువులు కొన్ని బొచ్చుమీదనే వ్రాసియున్నవి. వీధిలో నిలిచి చూచినవారెల్ల లెక్క వ్రాసికొనవచ్చును. 1949లో సెర్ల్ అను నాంగ్లేయ శాస్త్రజ్ఞుడు లండను నగరపు పిల్లుల వన్నెలు లెక్కించి, వానినిబట్టి యొక్కొక్క జన్యువు ఏ పాలులో నున్నదో తేల్చి, "జర్నల్ ఆఫ్ జెనెటిక్స్" అను పత్రికలో ప్రకటించెను. ఆ పత్రికకు నాడు సంపాదకుడు జె. బి. ఎస్. హాల్డేన్ పండితుడు. ఆయన 1957లో తన పత్రికతో గూడ మన దేశమునకు వచ్చి స్థిరపడెను. 1964 డిసెంబరులో భువనేశ్వరమున గతించినపుడు, ఆయన కోరిక ప్రకారము దేహమును విద్యార్థుల యుపయోగమునకై మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాల కప్పగించిరి. ఆ పత్రిక నేడును బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారిచే ప్రకటింపబడుచున్నది. లండను వీధిపిల్లుల లెక్క యిట్లు మన యింటి వాకిటికి వచ్చి చేరినది.

సెర్ల్ తరువాత పలు దేశములవారు తమ తమ యూళ్ళ పిల్లులను లెక్కించిరి. అమెరికా దేశస్థుడగు నీల్ టాడ్ అట్టి లెక్కలను ప్రోగుచేసి, 1977లో "పిల్లులును వాణిజ్యమును" అనదగిన పేరుతో నొక వ్యాసము వ్రాసెను. అందు ముఖ్యమగు నుదాహరణము చారలపిల్లి.

ఇంటిపిల్లుల మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతముల యడవిపిల్లి. దాని యొంటిమీద చేపముండ్లవలె సన్నని నిలువుచారలు. మన వీధులలోని చారలపిల్లులును సాధారణముగ నిట్టివే. మఱియొక విధమగు చారలు కలవు. అవి వెడల్పుగ, పాలరాతిమీది సుడులవలె, ప్రక్కలయందు వలయములు తిరిగియుండును. తల్లి తండ్రు లిరువురినుండియు నా జన్యువు వచ్చిననే యది కూన యొంటిమీద కానవచ్చును. ఆ జన్యువును 2012లో గుర్తించిరి. ప్రాచీన పిల్లుల యెముకలను పరీక్షించి 2017లో ఫలితములు ప్రకటించినవారు, సుడిచారల జన్యువు 14వ శతాబ్దమున తుర్కీ దేశపు పిల్లియొకదానియందు తొలిసారి కానవచ్చినదనియు, 18వ శతాబ్దమునకు గాని యది విస్తరింపలేదనియు చెప్పిరి. నేడు సుడిచారలు బ్రిటనునందు మిక్కిలి యధికము. ఆసియా తూర్పుభాగమున నరుదు. టాడ్ లెక్కలలో, ఫ్రాన్సు దేశమున సరకుపడవలు సాగు రోన్, సెయిన్ నదుల మార్గము వెంట నవి యితర చోట్లకంటె హెచ్చుగ నున్నవి. పడవలోని ధాన్యమునకు ఎలుక, ఎలుకకు పిల్లి. నది పోయినంత దూరము జన్యువును పోయినది.

ఆంగ్లేయులు వలసపోయి స్థిరపడిన దూరదేశములందును సుడిచారల పిల్లులు కలవు. టాడ్ వాదమేమనగా, ఒక వలసయందలి పిల్లుల వన్నెల పాళ్ళు, ఆ వలస యేర్పడిన కాలమున మాతృదేశమునందుండిన పాళ్ళను పోలియుండును. మొదట వచ్చిన పిల్లుల సంతతి యూరంతయు నిండిన తరువాత, వెనుక వచ్చిన నాలుగు పిల్లులు పాలకడవలో బడిన నీటిచుక్కల వంటివి. కాపురమునకు వచ్చి యేబదియేండ్లైనను అవ్వగారు తన చిన్ననాటి పలుకుబడిని విడువనట్లు, ఆ యూరి పిల్లులు తమ తొలినాటి వన్నెను విడువవు. ఎఱుపు విషయమునను టాడ్ ఒక యూహ చేసెను. స్కాట్లండు ఉత్తర ద్వీపములందును, ఐస్లాండునందును ఎఱ్ఱపిల్లులు హెచ్చుగ నుండుటకు, పూర్వము తూర్పుదేశములకు పోయి వచ్చుచుండిన వైకింగు నావికులే కారణమని యా యూహ.

చలిదేశములకు వాని ప్రత్యేకమగు వన్నెలు కలవు. ఫిన్లండు దేశమున 2007లో నొక గ్రామపు పిల్లులయందు క్రొత్త వన్నె కానవచ్చినది. ప్రతి వెండ్రుకయు మొదట నల్లగ నుండి కొనకు పోవుకొలది తెల్లబడును. ఉప్పు గలిపిన యచ్చటి మిఠాయి పేరున దానిని సాల్మియాక్ అని పిలుచుచున్నారు. దాని జన్యుకారణము 2024లో ప్రకటింపబడినది. నార్వే యడవిపిల్లి జాతియందు అంబరు వన్నె యొకటి కలదు. దానికి కారణమగు జన్యుభేదమును 2009లో కనుగొనిరి.

తూర్పున సయాము, అనగా నేటి థాయిలాండు, తన పిల్లులకు ప్రసిద్ధి. ఆ దేశపు పిల్లి యొడలు మీగడవన్నె. మూతి, చెవులు, పాదములు, తోక మాత్రము ముదురు వన్నె. దాని కారణము పెరుగు తోడుపెట్టు మనకు సులభముగ తెలియును. కాగుచున్న పాలలో తోడు వేసిన తోడు చచ్చును. గోరువెచ్చనైన పిదప వేసిన పేరుకొనును. సయాము పిల్లియందు నలుపు తయారుచేయు పదార్థము కొంచెము భేదము నొంది, వెచ్చదనమునకు తాళజాలక, చల్లని చోట్లనే పనిచేయును. నడుము వెచ్చన గనుక తెలుపు. చెవి, తోక, పాదము చల్లన గనుక నలుపు. తల్లి గర్భము వెచ్చన గావున కూనలు పుట్టునపుడు తెల్లగనే పుట్టును. అదే జన్యువునకు మఱియొక భేదము బర్మా దేశమున నున్నది. 1930లో వాంగ్ మౌ అను గోధుమవన్నె యాడుపిల్లి బర్మానుండి అమెరికాకు చేరినది; బర్మీసు పిల్లులని పేరుపొందిన జాతికి అదియే మూలము. మన తీరప్రాంతపు వేలాది కుటుంబములవారు పొట్ట చేతబట్టుకొని రంగమునకు ఓడలెక్కుచుండిన దినములలోనే, అచ్చటి పిల్లి యొకటి సముద్రము దాటి పోయినది.

ఇక శకునముల మాట. నల్లపిల్లి యెదురైన మన పెద్దలు గడప దాటక కూర్చుండి మంచినీళ్ళు త్రాగి బయలుదేరుదురు. ఇంగ్లండులో నల్లపిల్లి యెదురగుట శుభమని యనేకుల నమ్మకము. సముద్రము దాటి అమెరికాకు పోయిన అదే నల్లపిల్లి యశుభము. జపానులో మూడు వన్నెల పిల్లి బొమ్మను, చేయి యెత్తి పిలుచుచున్నట్లు చేసి, లక్ష్మి వచ్చునని యంగళ్ళలో నుంచుదురు. మన సోదరి యింట నుత్పాతమైనది అచ్చట మంగళము! సయామునందు పిల్లుల లక్షణములు చెప్పు గ్రంథమే కలదు. దాని పేరు తమ్రా మేవ్. అందు శుభమైనవి 17, అశుభమైనవి 6 విధములు. అచ్చటి కోరాట్ అను బూడిదవన్నె పిల్లులను పెండ్లికూతునకు జంటగ నిచ్చు నాచారము కలదు. అంతదూర మేల? మన వంగదేశమున బిడ్డలను గాచు షష్ఠీదేవికి పిల్లియే వాహనము. ఆ వ్రతకథలో ఒక కోడలు నైవేద్యము తాను తిని, నేరము నల్లపిల్లిమీద మోపును. దేవి వాహనము మీద నింద వేసినందున ఆమె బిడ్డలకు కష్టము వచ్చును. వంగదేశపు తల్లులు పిల్లిని కసరుకొనుటకు జంకుదురు. మన కథ తలక్రిందులు! ఇచ్చట పిల్లి నేరము కోడలిమీద పడినది.

నలుపునందే కీడున్నచో, లండనులోను, కలకత్తాలోను, మన యూళ్ళలోను నొకే తీరుగ నుండవలెను గదా? నిప్పు ఎచ్చటనైనను కాల్చును. పిల్లి వన్నె యొక్కొక్క దేశమున నొక్కొక్క ఫలమిచ్చుచున్నదనిన, ఆ ఫలము పిల్లియందు లేదు, చూచువారి యలవాటునందున్నది. అయితే మన యలవాటు పిల్లి పాలిట నిజమగు ఫలమే యగును. ఏ వన్నెకు పాలు పోయుదుమో యా వన్నె పెరుగును. ఏ వన్నెను గోనెసంచిలో గట్టుదుమో యది తరుగును.

మీలో తీరిక గలవారు మీ వీధి పిల్లులను లెక్కించి చూడుడు. గండుపిల్లులకు దవడలు వెడల్పుగ నుండును. గుర్తించుట కష్టము కాదు. పూర్తిగ తెల్లనివానిని లెక్కలో చేర్చకుడు; ఆ తెలుపు క్రింద ఏ వన్నె దాగియున్నదో తెలియదు. ఒక యూర నూరు గండుపిల్లులలో ఇరువది ఎఱ్ఱవి యనుకొందము. మగదానికి ఎక్స్ ఒకటియే గనుక, ఆ యూర ఎఱుపు జన్యువు పాలు అయిదింట నొకటి. అప్పుడు నూరు ఆడుపిల్లులలో రెండు ఎక్స్‌లమీదను ఎఱుపు గలవి నాలుగు, ఒకటి ఎఱుపు ఒకటి నలుపుగా రెండు వన్నెలు గలవి ముప్పదిరెండు, ఎఱుపు లేనివి అఱువదినాలుగు రావలెను. ఎఱ్ఱపిల్లులలో మగవి యెక్కువగ నగపడుట కిదియే కారణము. పాళ్ళు ఊరూరికి మాఱును. ఫ్రాన్సులో 1995లో వెలువడిన పరిశోధన ప్రకారము, పిల్లులు క్రిక్కిఱిసిన నగరములకంటె పల్లెలలో ఎఱుపు పాలు హెచ్చు.

ఇక మా సోదరి యడిగిన అసలు ప్రశ్నకు వత్తము. పిల్లి కూన వన్నె దాని తల్లియు తండ్రియు నిచ్చినది. వడ్లగదిలోని గోడ రంగు కాని, తల్లి చూచిన కాకి రంగు కాని దానికంటదు. మనుష్యుల బిడ్డయు నట్లే. అయితే మన మేనిచాయ ఎఱ్ఱపిల్లి లెక్కవలె నొక్క జన్యువుతో తేలునది కాదు. అనేక జన్యువులు కూడి దానిని నిర్ణయించును. ప్రతి జన్యువునందును సగము తల్లిది, సగము తండ్రిది. వానిలో ముఖ్యమగు నొకదానిని 2005లో కనుగొనిరి; దాని ముదురు రూపమును, లేత రూపమును మన దేశమున రెండును విస్తారముగ నున్నవి. కావుననే యొకే తల్లి బిడ్డలలో నొకరు చామనచాయ, ఒకరు పచ్చన. ఏ తాతదో, ఏ ముత్తవ్వదో వన్నె రెండు తరములు దాగి మూడవ తరమున తొంగిచూచుట వింత కాదు. గర్భిణి నల్లపిల్లిని చూచిన బిడ్డ నల్లబడదు. కుంకుమపువ్వు వేసిన పాలు త్రాగిన తెల్లబడదు. ఇందు తల్లి చేసిన తప్పేమియు లేదు. తప్పే లేనిచోట క్షమ యడుగ బనిలేదు.

గర్భిణి పిల్లి విషయమున జాగ్రత్తపడవలసిన దొకటి నిజముగ కలదు. దానిని మఱచి రంగునకు భయపడుచున్నాము. కొన్ని పిల్లుల మలమునందు టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి యుండును. కడుపుతో నున్నపుడు అది క్రొత్తగ సోకిన గర్భస్థశిశువునకు హాని కలుగవచ్చును. కావున గర్భిణి పిల్లి మలమును తాను తీయరాదు. ఆ పని యింట వేఱొకరు చేయవలెను. తోటలో మట్టి ముట్టిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కూరలు బాగుగ కడుగవలెను. మాంసము తినువారు చక్కగ నుడికించి తినవలెను. ఈ జాగ్రత్త నల్లపిల్లికిని, తెల్లపిల్లికిని సమానమే.

మా సోదరి రెండవ జాబులో నింకొక మాట వ్రాసినది. కార్డులోని ప్రశ్నను అత్తగారికి చదివి వినిపింపగా, ఆమెయే స్వయముగ మిల్లు దగ్గఱకు పోయి, ఎఱ్ఱపిల్లిని చూచి వచ్చి, చాలసేపు మాటాడక కూర్చున్నదట. పిమ్మట "కూనలు ఇంకొక నెల యుండనిమ్ము, వడ్లగదిలో ఎలుకలు తగ్గినవి" అన్నదట. ప్రయాణమునకు నల్లపిల్లి యెదురైన నామె యిప్పటికిని మంచినీళ్ళు త్రాగియే బయలుదేరునట. అందుకు మా కభ్యంతరము లేదు. ఎండలో బయలుదేరువారికి మంచినీళ్ళు మంచివే.

పిల్లి శాపములకు ఉట్లు తెగవని మన పెద్దలే చెప్పిరి. ఉట్టినే తెంపలేని పిల్లి యొక పసిబిడ్డ మేనివన్నెను మార్చునా? అమ్మా, ఈ పత్రిక మీ యింటికి చేరిన నాడు, పిన్న పెద్దలందఱు భోజనములై కూర్చున్న వేళ, బిడ్డను ఒడిలో నుంచుకొని దీనిని మొదటినుండి తుదివఱకు బిగ్గరగ చదువుడు. మీ యత్తగారికి మా నమస్కారములు చెప్పుడు. బిడ్డ కేమి పేరు పెట్టితిరో మాకు వ్రాయ మఱవకుడు.